గోల పరీక్ష

సార్ ఎవరితోనన్న మాట్లాడుతున్నడంటే తాటాకు విసనకర్ర మూతికి అడ్డం పెట్టుకోవాల్సిందే. కొత్తగ వచ్చినోళ్ళు నోటి వాసనేమో, దాస్తున్నడేమో అనుకునేటోళ్ళు. అది గాదు. చెవులు సరిగ్గ ఇనరానోళ్ళు తమకు తెల్వకుంటనే ఎదుటోళ్ళ పెదవులు చదువుతరు. పెదవులు దాస్తెనే అసలు సంగతి బైటపడ్తది. చెవుల పరీక్షలు చేసి చేసి ఆ అలవాటు సార్‌తోని ఇంటికి గూడ పోయింది. "అన్నం దగ్గర కూడా విసనకర్ర అడ్డం పెట్టుకుని ఉప్పు అడుగుతారమ్మా. కాపురం చేస్తున్నానో పరీక్ష రాస్తున్నానో తెలీదు నాకు" అని ఆంటీ, అంటే సార్ భార్య, నవ్వుకుంట చెప్పేది.

మొన్న ఆంటీ ఫోన్ చేసి సార్ పోయిండని చెప్తె నాకు ముందుగాల ఆ విసనకర్రనే కండ్ల ముంగట కనవడ్డది. ఏడుపు తర్వాత వచ్చింది. పోయిన మనిషిని మంచోడు, మహానుభావుడు అని చెప్పుకునుడు నాకు చాతగాదు. నాకు తెలిసినంత చెప్త.

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద చీరల దుకాణం పైన రెండు గదులు ఉండె సార్‌కు. నేను చెవుల పరీక్షల డిప్లొమా చేసి, పెండ్లయి, బిడ్డ పుట్టినంక ఆడ పనికి కుదిరిన. మాది నల్గొండ దిక్కు ఊరు, ఉండేది అల్మాస్‌గూడల. ముందు గదిల మామూలు పరీక్ష నాది. చప్పుడు లేకుంట కూసోబెట్టి, చెవుల "టుయ్" మంటె చెయ్యి లేపుమనుడు. లోపల అద్దం గది సార్‌ది. అండ్ల చేసేదాన్ని మేం గోల పరీక్ష అనేటోళ్ళం. దాన్ని ఎవ్వల్ని ముట్టుకోనియ్యకపోయేటోడు.

"నిశ్శబ్దంలో వినడం ఏం గొప్పమ్మా" అనేటోడు. "ఈ ఊళ్ళో నిశ్శబ్దంలో బతుకుతున్నది ఎవరు? బస్టాండు ముందు నిలబెట్టి పిలవాలి. అప్పుడు తెలుస్తుంది చెవి ఉందో లేదో."

ఆ మాట అని ఊకుండలే. చిన్న రికార్డర్ పట్టుకొని బస్టాండు ముంగట నిలవడి ఆ గోలంత తనే పట్టుకొచ్చిండు. బస్సుల హారన్లు, కండక్టర్ల కేకలు, జామకాయల బండాయన, చైతన్యపురి కోచింగుల పోరగాండ్లు గుంపులు గుంపులుగ మాట్లాడుకుంట పోవుడు, అంత అండ్ల ఉంటది. ఆ గోల మీద ఆంటీ గొంతు. వయసుల ఉన్నప్పుడు ఆమెను కూసోబెట్టి చదివించిన చిన్న చిన్న వాక్యాలు. పాలవాడు ఇంకా రాలేదు. తలుపు గడియ వెయ్యి. నాన్న ఊరికి వెళ్ళాడు. వాన వచ్చేలా ఉంది. గోల ఉన్నకాడికే ఉంటది, ఆంటీ గొంతు మాత్రం ఒక్కో వాక్యానికి తగ్గుకుంట పోతది. అద్దం గదిల ఉన్నాయన ఇన్నది ఇన్నట్టు తిరిగి చెప్పాలె. బైట చిన్న స్పీకర్ల ఆ జవాబు ఇనుకుంట సార్ టిక్కులు పెడ్తడు. ఎంత గోలల ఎంత మాట అందుతదో గట్ల తెలుస్తది.

సార్‌ది గుంటూరు దిక్కు. వచ్చేటోళ్ళల్ల మా దిక్కోళ్ళే మస్తు. "నాన్న ఊరికి వెళ్ళాడు" అని వస్తె మావోళ్ళు "నాయిన ఊరికి పోయిండు" అంటరు. మొదట్ల నేను పరేషాన్ అయిన, ఇది తప్పంటడా ఏందని. సార్ టిక్కు పెట్టి, "మాట అందింది కదమ్మా. నేను కొలిచేది చెవిని, యాసని కాదు" అన్నడు. ఆ ఒక్క మాటకు నేను ఆయన చాదస్తమంత భరించిన. నాకసలే కోపం ముక్కు మీదుంటది.

టిక్కుల కాడ మాత్రం సార్ రాయి. బస్సుల ఓనర్లు, స్కూలోళ్ళు, లారీలోళ్ళు తమ డ్రైవర్లను సార్ కాడికే పంపేటోళ్ళు. ఈయన కాడ పాసైతె పాసైనట్టే అని పేరుండె. ఒకసారి ఒక పెద్ద మనిషి, బస్సు నడిపేటాయన, ఫెయిలై సార్ కాళ్ళ మీద పడవోయిండు. సార్ ఆయన్ని పట్టుకొని లేపిండు గని కాయితం మీద సంతకం పెట్టలే. "రోడ్డు మీద ఎవరో ఆగు అని అరుస్తారయ్యా. అది నీకు అందదు. అందకపోతే పోయేది నువ్వు కాదు, అరిచినవాడు" అన్నడు. ఆ మనిషి మెట్లు దిగిపోయిందాక నేను తల ఎత్తలే.

ఇగ తెలంగాణ ఉద్యమం రోజులొచ్చినయ్. పొద్దుగాల దుకాణం తెరిస్తె మధ్యాహ్నం దాక తెరిచుంటదన్న నమ్మకం లేదు. దూరంకెళ్ళి డప్పులు ఇనొస్తె చాలు, రోడ్డు పొడుగూత షట్టర్లు దబ దబ పడుకుంట వచ్చేటియి. పోరగాండ్లు హాస్టళ్ళల్లకెళ్ళి ఉరికొచ్చేటోళ్ళు. పోలీసోళ్ళు ఇడిచే కండ్లు మండే పొగ మా మెట్ల మీదికి గూడ ఎక్కేది. నా మనసు వాళ్ళ దిక్కే ఉండె, దాస్కునేదేముంది. మా తమ్ముడు గూడ ఆ గుంపులల్లనే తిరిగేటోడు. గని పొద్దుమీకి ఇంటికి చేరిందాక పాణం పాణంల ఉండకపోయేది.

సార్ మాత్రం ఆ గోల గూడ పట్టాలె అన్నడు. "పాత గోల ఇక పనికిరాదమ్మా. ఇప్పుడు జనం బతుకుతున్నది ఈ గోలలో" అని రికార్డర్ పట్టుకొని బాల్కనీల నిలవడేటోడు. ఆంటీకి వాళ్ళ చుట్టాల ఫోన్లు ఒకటే రాకడ, ఇల్లు అమ్ముకొని వచ్చేయుండ్రి అని. కింద గోడ మీద ఎవరో బొగ్గుతోని "వెళ్ళిపోండ్రి" అని రాసిన్రు. ఎవరికి రాసిన్రో ఏమో, ఆ గల్లీల అన్ని ఊర్లోళ్ళు ఉంటరు. సార్ దాన్ని చూసుకుంటనే మెట్లెక్కిండు. ఆంటీ మాత్రం ఆ రోజు సంది కిటికీలు మూసుకునే ఉండేది.

ఒకరోజు ఊరేగింపు వచ్చింది. కింద చీరల దుకాణం మనిషి నెత్తి మీద చేతులు పెట్టుకొని, "సార్, లోపటికి పోండ్రి, రాళ్ళు వస్తున్నయ్" అని ఒర్లుతున్నడు. సార్ ఆయన దిక్కు చూసి నవ్వి చెయ్యి ఊపిండు. రాయొచ్చి పక్కన రేలింగుకు తాకింది. నేను రెక్క వట్టి లోపటికి గుంజిన. "ఏమైంది?" అన్నడు. చెప్పిన. "హెడ్‌ఫోన్ పెట్టుకున్నా కదమ్మా, వినపడలేదు" అన్నడు. హెడ్‌ఫోన్ మెడల ఉంది. చెవులకు లేదు. నేను చూసిన, గని ఏమనుకోవాల్నో సమజ్ గాలే.

ఆ రోజులల్లనే ఇంకోటి గమనించిన. పరీక్షకు వచ్చినోళ్ళంత పాసైతున్నరు. నెల మీద నెల గడుస్తున్నది, ఒక్కడు ఫెయిల్ లేడు. నా గదిల "టుయ్" చప్పుడే సక్కగ ఇనరాని ముసలి డ్రైవర్లు గూడ లోపటికి పోయి నవ్వుకుంట వస్తున్నరు. నాకు ఒక్కటే తోచింది. సార్ భయపడ్డడు. మా దిక్కు డ్రైవర్‌ను ఫెయిల్ చేస్తె నలుగురు వచ్చి అద్దాలు పలగొడ్తరని భయపడ్డడు. నాకు మండింది. భయపడ్డందుకు గాదు, మావోళ్ళను గంత తక్కువ లెక్కేసినందుకు.

కడుపుల పెట్టుకునే అలవాటు నాకు లేదు. "సార్, మావోళ్ళకు భయపడి పాస్ చేస్తున్నరా?" అని మొఖం మీదనే అడిగిన. సార్ నా మూతి దిక్కే చూసుకుంట, "ఏవిటీ?" అన్నడు. మళ్ళ అడిగిన. ఈసారి అందింది. విసనకర్ర బల్ల మీద పెట్టిండు.

"అంత మాటన్నావా అమ్మా. నేను విన్నదే రాస్తున్నాను. విన్నది తప్ప ఒక్క టిక్కు ఎక్కువ పెట్టలేదు."

ఆ మనిషి అబద్ధం చెప్పడు. అది నాకు తెలుసు. మరి ఎట్ల పాసైతున్నరో నాకు తెల్వది.

మా అల్మాస్‌గూడల స్కూల్ వ్యాన్ నడిపే యాదగిరి అన్న అని ఉండె. రెండో తరగతి చదివే నా బిడ్డ ఆ వ్యాన్లనే పోయేది. వయసు మీద పడ్డదని స్కూలోళ్ళు చెవుల కాయితం అడిగితె, నేనే సార్ కాడికి తోల్కపోయిన. పాసైండు. తర్వాత కొన్ని రోజులకు పొద్దున మా గల్లీ నుంచే డప్పులతోని ఊరేగింపు పోతున్నది. నా బిడ్డ ఒక కాలు వ్యాన్ మెట్టు మీద, ఒక కాలు కింద పెట్టి బ్యాగు గుంజుకుంటున్నది. యాదగిరి అన్న బండి కదిలిచ్చిండు. ఆడోళ్ళం అందరం ఒక్కసారి ఒర్లినం. ఆయన ముంగటికి చూసుకుంట మంచిగ నడుపుతనే ఉన్నడు. నేను ఉరికి అద్దం మీద గుద్దినంక ఆపిండు. బిడ్డ కింద పడ్డది. మోకాలు దోక్కపోయింది. ఇంకొంచెం అయితె ఏమయ్యేదో ఇప్పుడు గూడ నేను నోటితోని అనను.

బండి దిగొచ్చిండు పాపం. "చెల్లె, ఇనరాలే. డప్పులు కొడ్తున్నరు గద."

"గా డప్పులల్ల ఇనొస్తదనే గద నీకు కాయితం ఇచ్చిన్రు అన్నా."

"ఏమో చెల్లె. నాకైతె ఆడ సగం సమజే గాలే. నోటికి వచ్చింది చెప్పిన. సారేమో అన్నీ కరెక్టుగ చెప్పినవ్ యాదగిరీ అని మెచ్చుకున్నడు."

బిడ్డ మోకాలు కడుగుకుంట ఆ మాటనే తిప్పి తిప్పి అనుకున్న.

సార్‌కు ఒక పద్ధతి ఉండె. రోజూ ఎవరూ రాకముందు, అగరొత్తి ముట్టించి, తనే అద్దం గదిల కూసుంటడు. మిషిన్ సక్కగుందో లేదో చూసుకునేటందుకు. టేపు పెట్టి టిక్కులు పెట్టుడు ఆ ఒక్కసారికి నా వంతు. ఏ రోజూ ఒక్క తప్పు లేదు. ఆ మరునాడు నేను గోల పెట్టిన గని ఆంటీ గొంతు బంద్ చేసిన. సార్ విసనకర్రనే నా మూతికి అడ్డం పెట్టుకొని మైకుల నేనే మాట్లాడిన.

"నా బిడ్డ మోకాలు దోక్కపోయింది సార్" అన్న.

అద్దం అవతలకెళ్ళి సార్ తల పక్కకు వంచి ఇని, "పాలవాడు ఇంకా రాలేదు" అన్నడు.

"యాదగిరి అన్నకు గోలల ఇనొస్తలేదు."

"తలుపు గడియ వెయ్యి."

"మీకు గూడ ఇనొస్తలేదు సార్."

"నాన్న ఊరికి వెళ్ళాడు."

నాలుగోసారి నేను నోరు దెరవలే. ఉత్త గోల పోతున్నది. బస్సులు, జామకాయలాయన, డప్పులు. సార్ కొంచెంసేపు కండ్లు మూసుకొని ఇన్నడు. తర్వాత కండ్లు తెరిచి, మంచిగ నవ్వి, "వాన వచ్చేలా ఉంది" అన్నడు.

ఎవరి జవాబు అయినా సార్ చెవికి గట్లనే చేరుతున్నది. తర్వాత వచ్చే వాక్యం ఏందో ఆయనకు కంఠతా వచ్చు. స్పీకర్ల గుస గుస అన్నా, దగ్గినా, ఆయనకు ఆ వాక్యమే ఇనొస్తున్నది. ఇన్నదే రాస్తున్న అన్నడు, నిజంగనే ఇన్నదే రాస్తున్నడు.

బైటికొచ్చి, "ఎలా ఉంది? అన్నీ రైటేనా?" అన్నడు. నేను విసనకర్ర తీసి, మొఖం ఎదురుంగ పెట్టి చెప్పిన. ముందు కోపమొచ్చింది. "నీ యాసలో చదివుంటావు. అలవాటు లేక అందలేదు" అన్నడు. యాసను కొలవనన్న మనిషి ఆ మాట అనేసరికి నాకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్.

"యాస గాదు సార్. నాలుగోసారి నేను అసలు మాట్లాడనే లేదు."

కుర్చీల కూసున్నడు. నాకు చెవుడెట్ల వచ్చింది, ఎప్పటిసంది వచ్చింది, అని ఏం అడగలే. "యాదగిరి బండి ఇప్పుడు ఎక్కడుంటుంది?" అన్నడు.

ఆ రోజు బంద్‌కు పిలుపుంది, స్కూలు తెరిచిన గంటకే ఇడిచిన్రు. బండి ఎల్బీనగర్ మీదికెళ్ళే రావాలె. సార్‌ను స్కూటీ ఎన్క కూసోబెట్టుకొని పోయిన. ఎల్బీనగర్ చౌరస్తల జనం వంటావార్పు అని రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి వంటలు చేస్తున్నరు. మైకులల్ల పాటలు, డప్పులు. ఆగిపోయిన బండ్ల నడుమ యాదగిరి అన్న వ్యాన్ కనవడ్డది. లోపల పిల్లలు, అండ్ల నా బిడ్డ; పొద్దున నేనే దింపొచ్చిన గని, జల్దీ ఇడిచేసరికి స్కూలోళ్ళు వ్యాన్లనే ఎక్కిచ్చిన్రు. ముంగటి బండ్లు మెల్లగ కదులుతున్నయ్. పొయ్యిల కాడ ఆడోళ్ళు, చిన్న పిల్లలు బండ్ల సందులల్లనే తిరుగుతున్నరు.

సార్ ఉరికినట్టే పోయి, కిటికీల చెయ్యి పెట్టి తాళంచెవి తిప్పి బండి ఆపేసిండు. "దిగు యాదగిరీ" అన్నడు.

"నేనేం తప్పు చేసిన సార్? మీరే గద కాయితం ఇచ్చింది."

నలుగురు పోగైన్రు. మూతికి రుమాలు కట్టుకున్న ఒక పోరడు ముంగటికొచ్చిండు. "ఏంది పెద్దాయన, మా అన్నను బండి దిగుమంటున్నవ్? ఏ ఊరు నీది?" సార్‌కు అందలే. ఆయన కండ్లు ఆ పోరని పెదవుల కోసం దేవులాడుతున్నయ్, రుమాలు అడ్డముంది. పోరడు మళ్ళ అడిగిండు, ఇంకా గట్టిగ. సార్ ఉలకలే, పలకలే. వాళ్ళకది పొగరు లెక్క కనవడ్డది. ఎవరో కాలర్ పట్టుకున్నరు. నేను నడుమల దూరబోయిన, దారి దొరకలే. "ఆయనకు ఇనరాదే" అని ఒర్లిన. నా మాట నాకే ఇనరాలే. ఈ రోజు సార్‌ను ఈడనే ఏమన్న చేస్తరని నాకు ఖాయమైంది.

సార్ రెండు చేతులు ఎత్తి తన చెవుల మీద పెట్టుకున్నడు. చెవిటోళ్ళు మాట్లాడినట్టు, అవసరం కన్న గట్టిగ చెప్పిండు. "నాకు చెవుడు. మీరేమంటున్నారో నాకు అందటం లేదు. ఈయనకీ అందదు. అందుతుందని రాసిచ్చింది నేను. నా సంతకం చెల్లదు. ముందు పిల్లల్ని దింపండి."

కాలర్ మీది చెయ్యి ఇడిసింది. ఆ రుమాలు పోరడే పిల్లల్ని ఒక్కొక్కరిని ఎత్తుకొని దించిండు. నా బిడ్డను నేను సంకనేసుకున్న. యాదగిరి అన్న స్టీరింగ్ మీద తల పెట్టుకున్నడు, లేవలే.

ఆ తర్వాత సార్ అద్దం గది బైట కుర్చీల కూసునేటోడు, టిక్కులు నేను పెట్టేదాన్ని. కాయితం తీసుకపోయినోళ్ళను అందర్నీ వాపస్ పిలిపిచ్చిండు. తిట్టుకుంట వచ్చినోళ్ళున్నరు, దండం పెట్టినోళ్ళున్నరు. మస్తు మంది ఫెయిలైన్రు. యాదగిరి అన్నను స్కూలోళ్ళు గేటు కాడ పెట్టుకున్నరు, జీతం తక్కువ. ఎన్నో రోజులు నన్ను చూస్తె మొఖం తిప్పుకునేటోడు. నేనేమనుకోలే.

అందరు వచ్చిన్రు గని ఒక్క మనిషి రాలే. టిప్పర్ నడిపేటాయన, సాగర్ రోడ్డు దిక్కు కంకర తోలేటోడు. ఇచ్చిన నెంబరు మోగదు, ఉన్న ఇల్లు ఖాళీ చేసిండు. తెలంగాణ వచ్చింది, నేను వేరే దవాఖానల చేరిన, మా రోడ్డు మీద మెట్రో పిల్లర్లు లేచినయ్. సార్ దుకాణం మూసి ఇంట్ల కూసున్నడు. నేను ఎప్పుడు పోయినా మొదటి మాట ఒక్కటే, "అతను దొరికాడా అమ్మా?" చెవులకు మిషిన్ పెట్టుకున్నా జవాబు కోసం నా మూతి దిక్కే చూసేటోడు. లారీ కింద ఎవరో పడ్డరని పేపర్ల వస్తె, డ్రైవర్ పేరు దొరికిందాక అన్నం ముట్టకపోయేటోడని ఆంటీ చెప్పింది.

మొన్న నేను పోయేసరికి అంత అయిపోయింది. వచ్చినోళ్ళు వాపస్ పోతున్నరు. ఆంటీ నన్ను లోపలి గదికి పిలిచి ఫోన్ చేతిల పెట్టింది.

"వారం కింద ఎవరో క్లీనర్ అబ్బాయి ఆ టిప్పర్ అతని కొత్త నెంబరు ఇచ్చాడమ్మా. ఇంకా బండి నడుపుతున్నాడట. మీ సార్ మంచంలో ఉన్నా లేచి కూర్చున్నారు, చెయ్యి చెయ్యి అని. చేస్తే ఎత్తలేదు. ఇప్పుడు నాకు చెయ్యటానికి చేతులు ఆడటం లేదు. నువ్వు చెయ్యి."

చేసిన. ఎత్తిండు. ఇంజను చప్పుడు, గాలి, ఎనక నుంచి హారన్లు.

"అన్నా, దిల్‌సుఖ్‌నగర్‌ల చెవుల పరీక్ష కాడికెళ్ళి మాట్లాడుతున్న. బండి మీదున్నవా?"

"ఆఁ, చెప్పు చెప్పు."

"జర బండి పక్కకు ఆపు అన్నా. ఆపినంక మాట్లాడుదం."

"ఆఁ, మంచిగున్న. నువ్వు మంచిగున్నవా?"

"బండి ఆపు అన్నా."

"సరే, సరే" అన్నడు.

ఆంటీ నా మొఖంల మొఖం పెట్టి చూస్తున్నది. ఫోన్ల ఇంజను చప్పుడు తగ్గలే.